ఐదు వోల్టుల కాపురం

మే 4

మరదలికి,

నువ్వు బాగున్నావనీ, కాలేజీ ల్యాబులో పిల్లలు ఈ నెల కూడా నీ మీటర్లు రెండో మూడో కాల్చేసి ఉంటారనీ అనుకుంటున్నాను. మీ అన్నయ్య బాగానే ఉన్నారు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దీ దిద్దీ, ఇంట్లో సబ్బు పెట్టె మీద అక్షరాల్ని కూడా వదలడం లేదు.

అసలు సంగతికొస్తాను. నా కుట్టుగది ఇంటి వెనకవైపు కదా. వీధి తలుపు దగ్గర ఎవరైనా బెల్లు కొడితే మెషిను చప్పుడులో వినపడదు. హెడ్మిస్ట్రెస్ గారు కోటు కుట్టించుకుందామని మూడుసార్లు వచ్చి, బెల్లు కొట్టి కొట్టి వెళ్ళిపోయారట. నాలుగోసారి మూలమీది కొత్త షాపుకి వెళ్ళారు. ఆవిడ ఎడమ భుజం అరంగుళం దిగువ. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. వాడు కుట్టిన కోటులో ఆవిడ గోడకి వంకరగా తగిలించిన పటంలా ఉన్నారు.

అందుకని, బయట బటన్ నొక్కితే నా మెషిను పక్కన దీపం వెలిగే ఏర్పాటు చేసుకుందామనుకున్నాను. పోయిన సెలవుల్లో సరదాకి నేర్పావే, ఎనిమిది కాళ్ళ నల్ల చిప్పు, నొక్కి వదిలినా పది సెకన్లు బల్బు వెలిగేది, అదే. నువ్వు గీసిచ్చిన కాగితం, సామాను పొట్లం దాచుకున్నాను. కాగితంలో ‘బ్రెడ్‌బోర్డు మీద కట్టాలి’ అని ఉంది. వంటింట్లో బ్రెడ్డు కోసే చెక్క ఉందిగా, దాన్ని తీసుకుని గుండుసూదులు దిగ్గొట్టి, సూదులకి తీగలు చుట్టాను. మీ అన్నయ్య పొద్దున బ్రెడ్డు కోద్దామని వచ్చి, సూదులు చూసి, చెక్కని మెల్లగా ఉన్నచోటే పెట్టేసి, బ్రెడ్డు చేత్తో చింపుకు తిని వెళ్ళారు.

ఇక దీనికి కరెంటు ఎక్కడినుంచి ఇవ్వాలి? కాగితం సరిగ్గా అక్కడే చిరిగింది. ఖరీదైనదేదీ చెప్పకు. పని చేస్తుందో లేదో తెలియనిదానికి కొత్త సామాను కొంటే నాకే నవ్వొస్తుంది. ఫోను చెయ్యకు, ఫోన్లో అంకెలు చెప్తే నాకు నిలవవు. ఉత్తరం రాయి.

స్కూలు యూనిఫారాలు పన్నెండు గుండీల కోసం ఎదురుచూస్తున్నాయి. ఉంటాను.

నీ వదిన


మే 9

వదినా,

నీ ఉత్తరం ల్యాబులో చదివి పకపకా నవ్వితే, పిల్లలు ప్రయోగం ఆపేసి నన్నే చూశారు. బ్రెడ్‌బోర్డంటే బ్రెడ్డు కోసే చెక్క కాదు తల్లీ. పాత రోజుల్లో నిజంగా అలాంటి చెక్కల మీదే కట్టేవారట, కాబట్టి తప్పు నీది కాదు, పేరు మార్చనివాళ్ళది. ఇప్పుడది తెల్లటి ప్లాస్టిక్ పలక. నిండా చిల్లులు. తీగ కాలు గుచ్చితే లోపల క్లిప్పు పట్టుకుంటుంది. ఒకటి ఈ పార్సిల్లో పెట్టాను. అన్నయ్య చెక్క అన్నయ్యకి ఇచ్చెయ్.

కరెంటు సంగతి. కొత్తగా ఏమీ కొనకు. ప్రతి ఇంట్లోనూ చచ్చిపోయిన ఫోన్ల ఛార్జర్లూ, పాత రేడియోల అడాప్టర్లూ పోగేసిన సొరుగొకటి ఉంటుంది. దాన్ని వెతుకు. ప్రతిదాని మీదా చిన్న అక్షరాలతో ‘అవుట్‌పుట్’ అని ఉంటుంది. అక్కడి వోల్టుల అంకె ఐదు నుంచి తొమ్మిది మధ్యలో ఉండాలి. వోల్టు అంటే నీ భాషలో కొలత. సరిపోవాలి, ఎక్కువైతే కుట్లు తెగుతాయి. పక్కన ఆంపియర్లని ఉంటుంది, అది గుడ్డ తాను లాంటిది. తాను ఎంత పెద్దదైనా చొక్కాకి కావలసినంత గుడ్డే పడుతుంది, కాబట్టి ఆ అంకె పెద్దదైనా భయపడకు. వోల్టు అంకె పక్కన గీత కూడా ఉంటుంది, అది చూసి తీసుకో.

నలుచదరపు తొమ్మిది వోల్టుల బ్యాటరీ కొనకు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కొన్నాళ్ళకే ఖాళీ అయిపోతుంది. చేతిలో పెట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోయే, పేరూ ఊరూ లేని ఛార్జరైతే అవతల పారెయ్. గోడ కరెంటుకీ నీ వేలికీ మధ్య ఉండాల్సిన అడ్డు అందులో ఉంటుందో ఉండదో చెప్పలేం. చవకలోనూ అది పనికిరాని చవక. ఇంకోటి, పాత బెల్లు తీగల జోలికి మాత్రం వెళ్ళకు. దాని పక్కన వేరే బటన్ పెట్టుకో.

అన్నట్టు నిన్న అన్నయ్య ఫోను చేసి, ‘మీ వదినకి నామీద కోపమొచ్చిందేమో కాస్త కనుక్కో’ అన్నాడు. ఏం చేశాడేంటి? పెళ్ళిరోజు మర్చిపోయాడా?

నీ మరదలు


మే 16

మరదలికి,

పలక అందింది. ముచ్చటగా ఉంది, బటన్ల పెట్టెలా. సొరుగులోంచి పదకొండు వచ్చాయి. ఒక్కొక్కదానికీ గుడ్డపీలిక కట్టి నంబరు వేశాను. నువ్వు చెప్పిన చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. కొన్నింటి మీద వోల్టు పక్కన నిండుగీత, దానికింద మూడు చిన్న ముక్కలు, అచ్చం పైన మడత, కింద టాకాల కుట్టు వేసినట్టుంది. ఒక్కదాని మీద మాత్రం ఒకే గీత, మెలిక తిరిగి అలలా ఉంది. నువ్వు ‘గీత’ అన్నావు గానీ గీతలు అనలేదు. అందుకని ఒక్క గీత ఉన్నదే తీసుకున్నాను. తొమ్మిది వోల్టులు, రాయిలా బరువు, ఖాళీ అగ్గిపెట్టె అన్నమాటే లేదు.

పెట్టాను. దీపం ఒకసారి వెలిగింది. తర్వాత చిప్పు ఇస్త్రీపెట్టెలా వేడెక్కింది. తర్వాత వాసన. తర్వాత చిప్పు నెత్తిన చిన్న పొక్కు. మీ అన్నయ్య పరిగెత్తుకొచ్చి గోడ దగ్గర స్విచ్చు ఆపి, కిటికీలు తెరిచి, ఏదో గొణిగి వెళ్ళిపోయారు.

నాకు కోపమేంటి? నీకు ఎదురు చెప్తున్నాననుకోకు గానీ, మాట్లాడటం మానేసింది ఆయన. పెదవి కదిపీ కదపనట్టు ఏదో అంటారు, నేను మళ్ళీ అడిగేలోపు పక్కగదిలోకి వెళ్ళిపోతారు. ప్రెస్సులో కాగితాలతో బతికి బతికి మనుషులతో మాట్లాడటం మర్చిపోయారేమో. నువ్వే అడుగు.

పొక్కిన చిప్పు చూసి బాధపడుతున్న
నీ వదిన


మే 20

వదినా,

మెలిక గీతంటే ఆ కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ తిరుగుతుందని. చిప్పుకి ఒకేవైపు నడిచే కరెంటు కావాలి. నువ్వు చెప్పిన మడతా టాకాల కుట్టూ ఉన్నదే దానికి గుర్తు. ‘గీత’ అని తేల్చి చెప్పకుండా వదిలేసింది నేను, కాబట్టి ఆ చిప్పు పాపం నాకే. ఇంకోటి పంపుతున్నాను. నీ పదకొండులో ఐదు వోల్టుల ఫోను ఛార్జరు తప్పకుండా ఉంటుంది. దాని తీగ చివర కత్తిరిస్తే లోపల నాలుగు సన్నతీగలుంటాయి. ఎర్రది, నల్లది తీసుకో, మిగతా రెంటినీ విడివిడిగా టేపు చుట్టి వదిలెయ్. ఎరుపు పైవరస, నలుపు కిందివరస. తిరగేశావో మళ్ళీ పొక్కు.

అన్నయ్యని ఫోన్లో కడిగేశాను. ‘ఇంట్లో మనిషితో నోరు తెరిచి మాట్లాడలేవా?’ అన్నాను. ‘మాట్లాడుతూనే ఉన్నానే. ఆర్నెల్లనుంచి నేనే మాట్లాడుతున్నా. కోపమెందుకో తెలియక, గుర్తున్న తప్పులన్నీ ఒప్పేసుకున్నా. ఏడయ్యాయి. దేనికీ పలకదు. ఏడోది చెప్తుంటే గుండీ కుట్టుకుంటూ పాట కూనిరాగం తీసింది’ అన్నాడు.

వదినా, ఇంత పంతమా? ఆ ఏడూ ఏమిటో నాకు చెప్పనన్నాడు. చిన్నవైతే క్షమించెయ్. పెద్దవైతే నాకు రాయి, నేను చూసుకుంటాను.

నీ మరదలు


మే 27

మరదలికి,

నాతో ఆయన ఒక్క తప్పూ ఒప్పుకోలేదు. ఏడా? ఈయన ఏడు తప్పులు చేసేంత తీరిక ఎప్పుడు చిక్కిందో ముందు అది కనుక్కో. ఒట్టి అబద్ధం.

దీపం కథ చెప్తాను. ఛార్జరు తీగ కత్తిరించబోతే అది ఇంకా బాగానే పనిచేస్తోందని మనసొప్పలేదు. మీ అన్నయ్య బల్ల మీద పవర్‌బ్యాంకు కనపడింది. దాని మీద ఐదు వోల్టులు, నిండుగీత, కింద ముక్కలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. తీగ మాత్రం ఎప్పుడో తెగిన ఒకదాన్ని వాడాను. ఎరుపు పైన, నలుపు కింద. కుర్చీలోంచి లేచి వీధి తలుపు దగ్గరికెళ్ళి బటన్ నొక్కి, పరిగెత్తుకుంటూ వెనక్కొస్తే, అమ్మాయీ, వెలుగుతోంది! ఎర్రగా, బుల్లి గుండీలా. పరుగుతో కలిపి పదిదాకా లెక్కపెట్టాను, ఆరింది. కూర్చుని పొంగిపోయాను.

తర్వాత కాసేపటికి మళ్ళీ నొక్కితే వెలగలేదు. పవర్‌బ్యాంకు ఆపేసి ఉంది. ఆన్ చేశాను. మళ్ళీ అంతే. మూడోసారి చూస్తే మీ అన్నయ్య బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ‘మీరేనా ఆపేది? నాకు దీపముంటే మీకేం కష్టం?’ అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు. నేను బల్బు వంక చూస్తూ ‘సరే, మంచిది’ అన్నాను. ఇంకేదో అడిగారు. దీపం ఎంతసేపు వెలగాలని కాబోలనుకుని ‘పది చాలు’ అన్నాను.

మర్నాడు పొద్దున సంచి సర్దుకుని వెళ్ళారు. ప్రెస్సు పనిమీద ఎక్కడికో పంపి ఉంటారు. ఈసారి ఎర్రపెన్సిళ్ళ పెట్టె కూడా తీసుకెళ్ళారు, పెద్ద పనే అయ్యుంటుంది.

నీ వదిన


మే 31

వదినా,

ప్రెస్సు పనేం కాదు. అన్నయ్య ఇక్కడున్నాడు. నా ముందుగదిలో సంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాడు. ‘నేను కొన్నాళ్ళు చెల్లెలింటికి వెళ్తే నీకు ప్రశాంతంగా ఉంటుందా?’ అని అడిగాడట. ‘సరే, మంచిది’ అన్నావట. ‘ఎన్నాళ్ళు?’ అంటే ‘పది చాలు’ అన్నావట. ‘పది రోజులో పదేళ్ళో అడిగే ధైర్యం లేక వచ్చేశానే’ అంటున్నాడు.

ఇరవై రెండేళ్ళ కాపురం, మనిషిని అలా పంపించేస్తావా? క్షమించెయ్యమని నేను చెప్పినా పెడచెవిన పెట్టావు. నాకు నిజంగానే కోపమొచ్చింది.

పవర్‌బ్యాంకుని అన్నయ్య ఆపలేదు. అది ఫోను లాంటి పెద్ద తిండికి అలవాటుపడ్డ వస్తువు. నీ చిప్పు ఎంగిలి చేసినంత కరెంటు కూడా తీసుకోదు. ఫోనేదీ లేదనుకుని అదే ఆగిపోతుంది. అన్నయ్య ఆ రోజు బల్ల దగ్గరికి వెళ్ళింది కళ్ళజోడు కోసమట. పాత ఛార్జరు తీగ కత్తిరించడానికి ఇంకా మనసొప్పకపోతే, నాలుగు పెన్సిలు సెల్సు వరసగా పెట్టే పెట్టె దొరుకుతుంది, అది పెట్టు. ఆరు వోల్టులు. ఓ రెండు వారాలు లాగుతుంది.

దీపం గురించి ఇంత ఓపికగా రాస్తున్నానంటే అలవాటు కొద్దీ రాస్తున్నాను. మిగతాదానికి నువ్వు జవాబు చెప్పాలి.

మరదలు


జూన్ 4

మరదలికి,

నీ ఉత్తరం చదివి మెషిను మీద తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది. ‘పది చాలు’ అట. తర్వాత మళ్ళీ ఏడ్చాను. సెల్సు పెట్టె తెచ్చాను, దీపం వెలుగుతోంది, అది వేరే సంగతి.

ఆయన అడిగింది నాకు వినపడలేదు. అదొక్కటే కాదు. చలికాలం నుంచీ నాకు సరిగ్గా వినపడటం లేదు. ముందు కుడిచెవి, ఇప్పుడు ఎడమది కూడా సగం. మెషిను చప్పుడు అని నీకు రాసింది అబద్ధం. మెషిను ఆపి కూర్చున్నా బెల్లు వినపడదు. ఫోన్లో నీ గొంతు దోమ రొదలా ఉంటుంది, అందుకే ఉత్తరం రాయమన్నాను. ఇలా వెలిగే బెల్లు తయారుగా దొరుకుతుందేమోనని దుకాణంలో అడిగాను. వాడు అంతమంది ముందు ‘ఎవరికండీ, చెవిటివాళ్ళకా?’ అని అరిచాడు. దౌర్భాగ్యం, అది మాత్రం బాగా వినపడింది. ‘మా పిల్లికి’ అని చెప్పి వచ్చేశాను. మాకు పిల్లి లేదు.

వచ్చినవాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. నడుము ముప్ఫై రెండా ముప్ఫై నాలుగా అన్నది ఎలాగూ టేపే చెప్తుంది. కానీ మీ అన్నయ్యతో కుదరదు. ఆ మీసం పైపెదవి మీదుగా కర్టెన్లా దిగి ఉంటుంది, వెనకాల ఏం కదులుతోందో ఎవరికి తెలుసు? పైగా పుట్టుకతోనే మెల్లని గొంతు.

సాయంత్రాలు తను దిద్దిన పేజీల్లో నచ్చింది ఒకటి నాకు చదివి వినిపిస్తారు, తెలుసుగా. పెళ్ళైన దగ్గరనుంచీ అలవాటు. ఇప్పుడూ చదువుతున్నారు. నేను తల ఊపుతున్నాను. ఆయన నవ్వితే నవ్వుతున్నాను. వినపడదని తెలిస్తే చదవడం మానేస్తారేమోనని చెప్పలేదు. చెప్పడానికి దైర్యం చాలలేదు. అంతే అమ్మాయీ. కోపమూ లేదు, పంతమూ లేదు.

నువ్వు చెప్పకు. వచ్చాక నేనే చెప్తాను. ముందు ఇంటికి పంపించు.

నీ వదిన


జూన్ 8

వదినా,

‘పెడచెవిన పెట్టావు’ అని రాసిన చేతిని ఏం చేసినా పాపం లేదు. నన్ను క్షమించు.

నేను చెప్పలేదు. నీ ఉత్తరం ల్యాబు పుస్తకంలో దాచి, పుస్తకం బల్ల మీద పెట్టి స్నానానికెళ్ళాను. వచ్చి చూస్తే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కానీ ఉత్తరం తెరిస్తే, నువ్వు ‘దైర్యం’ అని రాసినచోట ద కింద ఎర్రపెన్సిలుతో ఒత్తు పెట్టి ఉంది. ఈ మనిషి దొంగతనంగా చదివి కూడా తప్పు దిద్దకుండా ఉండలేకపోయాడు. ఇంకొకరి ఉత్తరం చదివినందుకు తిట్టాలని ముందుగదిలోకి వెళితే, అక్కడ లేడు. పెరట్లో కుళాయి దగ్గర అద్దం పెట్టుకుని మీసం గీస్తున్నాడు. పాతికేళ్ళ మీసం! సగం గీశాక నావైపు తిరిగి, ‘పెదాలు కనపడుతున్నాయా?’ అన్నాడు. కనపడుతున్నాయని తల ఊపి, మిగతా సగానికి అద్దం నేనే పట్టుకున్నాను.

మొత్తం తీసేశాక చూస్తే ఎవరో కొత్త మనిషి. నాకే గుర్తు పట్టడం కష్టమైంది. నువ్వు గడప దగ్గరే ఆపెయ్యకు.

పొద్దున మొదటి బస్సుకి బయల్దేరుతున్నాడు. ఐదు వోల్టుల ఛార్జరొకటి, తీగ నేనే కత్తిరించి, చివరలు శుభ్రంగా ఒలిచి, చొక్కాజేబులో పెట్టి పంపుతున్నాను. నా పాత ఫోనుది. చేతికి బరువు తగులుతుంది, గీతా ముక్కలూ ఉన్నాయి, మీటరు పెట్టి చూశాను. సెల్సు ఖర్చు తప్పుతుంది. ఈ ఉత్తరం కూడా అన్నయ్య చేతికే ఇస్తున్నాను. అంటించలేదు. ఎలాగూ చదువుతాడు.

నీ మరదలు


జూన్ 21

మరదలికి,

ఆలస్యమైంది. వరసగా చెప్తాను.

ఆ రోజు యూనిఫారం కాలరు తిప్పుతున్నాను, దీపం వెలిగింది. వెళ్ళి తలుపు తీస్తే ఎవరో నున్నటి మొహం ఆయన. ‘కొలతలకైతే సాయంత్రం రండి’ అన్నాను. ఆయన కదల్లేదు. నా మొహానికి ఎదురుగా నిలబడి, పెదాలు బాగా సాగదీసి, ‘నేనే’ అన్నారు. అప్పుడు చూశాను చేతిలో సంచి. ఇద్దరం గడప మీదే కూర్చుండిపోయాం. దీపం లోపల పదిదాకా వెలిగి ఆరిపోయి ఉంటుంది, ఎవరు చూశారు?

ఆ ఏడు తప్పులూ మొదటినుంచి మళ్ళీ చెప్పమన్నాను. వద్దులే అన్నారు. వదల్లేదు. మొదటి ఐదూ వదిలెయ్. ఆరోది, నా పెద్ద కత్తెరతో అట్ట కత్తిరించింది ఈయనేనట! ఆ పదును పోయిందని సానపట్టేవాణ్ణి నేను వీధిలో నిలబెట్టి దులిపేశాను. ఏడోది ఏంటంటే, చదివి వినిపించే పేజీల్లో అప్పుడప్పుడు సొంతంగా రెండు వాక్యాలు కలిపేవారట, నాకు నచ్చుతుందని. ఆ ఏడోది మాత్రం మానొద్దన్నాను. ఇప్పుడు పేజీ నా ఒళ్ళో పెట్టి, వాక్యం కింద వేలు జరుపుతూ, ఎదురుగా కూర్చుని చదువుతున్నారు. కలిపిన వాక్యాలు పెన్సిలుతో ముందే రాసి ఉంచుతున్నారు.

చెవుల డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం. పరీక్షలు చేసింది, యంత్రం పెట్టుకోవాలంది. దానికి కొలత తీసుకున్నారు, చెవిలో మైనం లాంటిది పోసి. కొలత సరిగ్గా తియ్యలేదని ఆవిడతో రెండోసారి తీయించాను. వచ్చే నెల వస్తుంది.

నీ ఛార్జరు పెట్టాం, పొక్కూ లేదు, వాసనా లేదు, ఆగిపోవడమూ లేదు. బటన్ పక్కన ‘ఇది నొక్కండి, దీపం వెలుగుతుంది, వస్తాను’ అని గుడ్డ మీద అక్షరాలు కుట్టి తగిలించాను. దాంతో ఎందుకని అందరూ అడుగుతున్నారు. నాకు వినపడదు కాబట్టి అని చెప్పేస్తున్నాను. చెప్పిన మొదటిరోజు మొహం కాలిపోయింది. రెండోరోజు అంత లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. నిన్న హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. కోటు విప్పదీసి మళ్ళీ కుట్టమన్నారు. కొలతలయ్యాక చుట్టూ చూసి, నా దగ్గరికి జరిగి, గుసగుసగా ఏదో అన్నారు. ‘వినపడలేదండీ’ అన్నాను. మళ్ళీ గుసగుస. ‘గట్టిగా అనండి’ అన్నాను. ఆవిడ బడిలో గంట కొట్టినట్టు, ‘నాకూ వినపడటం లేదమ్మా! ఇలాంటి దీపం నాకూ ఒకటి కావాలి!’ అన్నారు. వీధిలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. ఎదురింటి పెద్దాయన గేటు దగ్గరినుంచి, ‘నాకు కూడా!’ అని అరిచాడు.

చిప్పులు రెండు పంపు. ఛార్జర్లు వాళ్ళ సొరుగుల్లోంచే వెతికిస్తాను. ఏ గీత మంచిదో ఇప్పుడు నాకు తెలుసుగా.

నీ వదిన

ఇది నేను దిద్దలేదు. తప్పులేం లేవు. — అన్నయ్య